పంతొమ్మిది అంకెల ఊపిరి

మొదట ఈల వినిపించింది.

తవువా బస్టాండులో దిగి, చెరకు తోటల మధ్య ఎర్రమట్టి దారి పట్టుకుని నడుస్తున్నాను. కురిసి వెలిసిన వాన ఆకుల మీద ఇంకా కూర్చునే ఉంది. ఆ ఈల పిట్టది కాదు. చెరకు బోగీలను మిల్లుకు లాక్కెళ్ళే చిన్న రైలుదీ కాదు. సన్నగా, తెగకుండా, ఎవరో ఆకాశం అంచును ఒకే దారంతో కుట్టుకుపోతున్నట్టు సాగుతోంది. దాని పక్కనే ఒక ముసలి గొంతు. ఆ గొంతు కొంగు పట్టుకుని రెండు చిన్న గొంతులు.

"పదకొండు... పన్నెండు... పదమూడు..."

తెలుగు అంకెలు. నేను ఉన్నచోటనే ఆగిపోయాను.

"...పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది."

ఈల తెగింది. అంకెలూ అక్కడే ఆగాయి. ఆ తర్వాత చెరకు వెనక ఎవరో పెద్దగా నవ్వారు.

అది 2003. ఫిజీలోని లౌతోకలో తెలుగు చెప్పడానికి వచ్చి నాకు రెండేళ్ళు. గిర్మిట్ ఒప్పందం మీద చెరకు కూలీలుగా ఈ దీవుల్లో ఓడ దిగిన తెలుగువాళ్ళ మునిమనవలకు ఇంట్లో మాట ఫిజీ హిందీ. తెలుగు పూజల్లో, అవ్వల నోళ్ళలో మిగిలింది. నా క్లాసులో పిల్లలు పది దాటితే చాలు, హిందీలోకి జారిపోయేవారు. పంతొమ్మిది దాకా తడబడకుండా నడిచిన ఈ పిల్లలెవరా అని చూస్తుంటే, చెరకు పక్క నుంచి ముందు ఒక మనిషి వచ్చాడు. నల్ల నిక్కరు, నల్ల చొక్కా, మోకాళ్ళ దాకా మేజోళ్ళు, మెడలో తాడుకు వేలాడే ఈల. నలభై ఏళ్ళుంటాయి. పొలానికి వెళ్ళే వేషం కాదు.

"రండి మాస్టర్జీ, రండి. అక్కడే నిలబడిపోయారేం? మీరు ఫౌల్ ఏం చెయ్యలేదులే."

అతని పేరు లచ్మన్. చెరకు రైతు. శని ఆదివారాల్లో తవువా చుట్టుపక్కల సాకర్ ఆటలకు రిఫరీ. నేను వెళ్ళింది అతని తల్లి బాలమ్మ దగ్గర ఒక పాత భజన పాట రాసుకోవడానికి. ఆమె చెరకు గట్టు మీద పీట వేసుకుని, అటూ ఇటూ మనవరాళ్ళను పెట్టుకుని కూర్చుని ఉంది. ప్రతి ఉదయం కొడుకు ఈల ఎంతసేపు ఆగకుండా ఊదగలడో ఆమె లెక్కపెడుతుందట. పిల్లలు ఆమెతో కలుస్తారట.

"పంతొమ్మిది తర్వాత ఎంత?" అని పెద్దపిల్లను అడిగాను.

ఆ పిల్ల నన్ను జాలిగా చూసింది. "తర్వాత లేదు మాస్టర్జీ. డాడీ ఊపిరి అక్కడే ఖతం."

పాట రాసుకోవడం ఆ పూట కుదరలేదు. ఆ పంతొమ్మిది ఎక్కడి నుంచి వచ్చిందో వింటూ ఉండిపోయాను. ఒకప్పుడు ఆ ఈల ఇందులో సగం కూడా సాగేది కాదు.

*

లచ్మన్‌కు ఎనిమిదేళ్ళప్పుడు దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. బడి పిల్లలందరికీ చేతికొక కాగితం జెండా ఇచ్చి వరుసలో నిలబెట్టారు. లేత నీలం రంగు జెండా. ఆ రోజుల్లో అతనికి గొంతు మండుతోంది. మింగుడు పడడం లేదు. అయినా అందరికంటే గట్టిగా పాడాడు.

"నోరు తెరిస్తే మంట. కానీ కొత్త జెండా కదా మాస్టర్జీ, నోరు మూసుకుని ఎట్లా ఉంటా?"

రెండు మూడు వారాలకు కుడి మోకాలు వాచింది. అది తగ్గేలోపు ఎడమ చీలమండ. తర్వాత మోచెయ్యి. చుట్టాల ఇళ్ళు తిరిగే మనిషిలా వాపు ఒక కీలు నుంచి ఇంకో కీలుకు మకాం మార్చింది. బాలమ్మ ఆముదం ఆకులు వెచ్చచేసి కట్టింది. ఉప్పు కాపడం పెట్టింది. నెల తిరిగేసరికి పిల్లవాడు మళ్ళీ గట్ల మీద పరుగెత్తాడు. ఇంటిల్లిపాదీ మరిచిపోయారు. గొంతులో మొదలైన జబ్బు కీళ్ళ మీదుగా నడిచి, వెళ్తూ వెళ్తూ గుండె లోపల ఒక తలుపును ముట్టుకుని వెళ్ళిందని పాతికేళ్ళు ఎవరికీ తెలియలేదు.

సాకర్ అంటే అతనికి ప్రాణం. కాలు బాగా ఆడేది కానీ సగం ఆటకే ఆయాసం వచ్చేది. "వీడు బద్ధకస్తుడు" అన్నారు. పద్దెనిమిదో ఏట జట్టు పెద్దాయన ఒకరు అతన్ని పక్కకు పిలిచి, చేతిలో ఈల పెట్టాడు. ఆడలేకపోతే ఆడించు అన్నాడు. లచ్మన్ ఆ ఈలను ఇంటికి తెచ్చి దేవుడి పటం ముందు పెట్టాడు. బాలమ్మ దానికి కుంకుమ బొట్టు పెట్టింది. మొదటి ఆటలో ఆ కుంకుమ అతని పెదవులకు అంటుకుని, రెండు జట్లవాళ్ళూ లిప్‌స్టిక్ రిఫరీ అని పిలిచారు.

ఆ పేరు తొందరగానే తిట్లుగా మారింది. పొరుగూరి జట్టుతో ఆట, స్కోరు సమానం, ఇంకో రెండు నిమిషాలుంది. తవువా కుర్రాడి చేతికి బంతి తగిలింది. సొంత ఊరు, సొంత మైదానం. లచ్మన్ పెనాల్టీ ఇచ్చాడు. తవువా ఓడిపోయింది. జనం నారింజ తొక్కలు విసిరారు. వాళ్ళలో అతని తల్లి కూడా ఉంది.

"తొక్క నేను విసరలేదు, ఒట్టి తిట్టిందే," అంది బాలమ్మ.

"మూడు రోజులు నాతో మాట లేదు. అన్నం మాత్రం పెట్టింది. కంచం చప్పుడు పక్క ఊరిదాకా వినబడేది."

"మరి! చెయ్యి తగలడం నువ్వొక్కడివే చూసింది. చూడనట్టు ఉంటే ఏం పోయె?"

"చూసింది కదమ్మా," అన్నాడు లచ్మన్. ఆ మాట అన్నప్పుడు అతను నవ్వలేదు.

*

ముప్పై దాటాక ఆయాసం ఆటలోకే కాదు, నిద్రలోకీ వచ్చింది. పడుకుంటే ఎవరో ఛాతీ మీద తడి గోనె సంచి పరిచినట్టుండేది. ఒక దిండు రెండయింది, మూడయింది. తర్వాత మంచం వదిలేసి వసారాలో కుర్చీలో కూర్చునే నిద్రపోవడం మొదలుపెట్టాడు. చెరకు కోత గ్యాంగులో తన వంతు పని డబ్బిచ్చి ఇంకొకరితో చేయించేవాడు. ఈల మాత్రం వదల్లేదు.

వదలకుండా ఉండడానికి ఒక ఉపాయం కనిపెట్టాడు. మైదానం మధ్య గుండ్రం దాటి పోకుండా, కళ్ళతోనే పరుగెత్తేవాడు. మిగతా పరుగు లైన్స్‌మన్ సన్యాసిది. సన్యాసి తవువాలో సైకిళ్ళు బాగుచేసేవాడు, చిన్నప్పటి స్నేహితుడు. జెండా ఎత్తితే ఒక అర్థం, దించి తొడకు తట్టితే ఇంకో అర్థం, ముక్కు గోక్కుంటే మరొకటి. అలా రెండేళ్ళు ఇద్దరు మనుషులు ఒక రిఫరీగా బతికారు.

1995లో ఒక ఆదివారం వాన. బంతి గోలు కర్రకు తగిలి కిందికి పడి బయటికి ఎగిరింది. గీత లోపల పడిందా, గీత మీద పడిందా? లచ్మన్ నలభై గజాల వెనక నిలబడి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతున్నాడు. సన్యాసి వైపు చూశాడు. సన్యాసి బురదలో జారి బోర్లా పడి ఉన్నాడు. వేలమంది అరుస్తున్నారు. లచ్మన్ ఈల ఊది గోలు అన్నాడు.

ఓడిన జట్టు నుంచి ఒక కుర్రాడు దగ్గరికి వచ్చాడు. అరవలేదు. మెల్లగా అడిగాడు: "రిఫరీ సాబ్, మీరు చూశారా?"

"నేను జవాబు చెప్పలేకపోయాను మాస్టర్జీ. ఊపిరి లేక అనుకున్నాడు వాడు."

ఇంటికి వచ్చి ఈలను బియ్యం డబ్బాలో పాతిపెట్టాడు. మర్నాడు బియ్యం తీస్తుంటే అతని భార్య మాల చేతికి తగిలింది. ఆమె రాకిరాకి ఊరి పిల్ల. మాట పడనివ్వదు.

"ఏం, అన్నం ఉడికితే విజిల్ వెయ్యాలనా ఇది ఇక్కడ పెట్టావు?"

అతను కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. పెదాలు నేరేడు పండు రంగులో ఉన్నాయి. మాల ఆ ఈలను కడిగి, తుడిచి, అతని జేబులో వేసింది. "లే. ఆయాసానికి కషాయాలు చాలు. డాక్టర్ దగ్గరికి పోదాం."

డాక్టర్ స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. గుండెలో ఎడమ పక్క పైగదికీ కిందిగదికీ మధ్య ఒక కవాటం ఉంటుంది. రెండు వేళ్ళు పట్టేంత తెరుచుకోవలసినది. లచ్మన్‌ది రెక్కలు అతుక్కుపోయి, పెన్ను పట్టేంత సందే మిగిలింది. దాటలేని రక్తం వెనక్కి ఊపిరితిత్తుల మీద నిలబడిపోతోంది. అందుకే ఆ తడి గోనె.

"చిన్నప్పుడు కీళ్ళ వాపు వచ్చిందా?" అని డాక్టర్ అడిగాడు. బాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మరుసటి ఏడు సముద్రం అవతలి నుంచి ఒక గుండె డాక్టర్ల జట్టు రాజధాని సువాకు వస్తుందని, వారం రోజులుంటుందని చెప్పారు. ఛాతీ కొయ్యరట. తొడ దగ్గర నరంలోంచి సన్నటి గొట్టం గుండె దాకా పంపి, దాని కొసన ఉన్న బెలూన్ను ఆ ఇరుకు తలుపులో ఊదుతారట. అతుక్కున్న రెక్కలు విడిపోతాయట. జాబితాలో లచ్మన్ పేరు చివరి రోజుకు, శుక్రవారానికి పడింది. ఆ అవకాశం తప్పితే మళ్ళీ ఏడాది. అతని గుండె అంతదాకా ఓర్చుకుంటుందని డాక్టర్ అనలేదు.

*

నలుగురు బయల్దేరారు. లచ్మన్, మాల, బాలమ్మ, లైన్స్‌మన్ లేకుండా రిఫరీ ఎట్లా వెళ్తాడని సన్యాసి. రాకిరాకి మీదుగా, కొండలు చుట్టి, సముద్రం ఒకసారి కనిపించి ఒకసారి దాక్కుంటూ రోజంతా బస్సు. మాల అక్క ఇల్లు సువా పక్కనే నసీనులో ఉంది. పిల్లలిద్దరినీ రాకిరాకిలో అమ్మమ్మ దగ్గర దించారు.

గురువారం ఆసుపత్రిలో చేరాడు. మెరేసేని అనే నర్సు, నిండైన ఫిజియన్ మనిషి, లచ్మన్ మంచం మీద కూర్చుని అంతా వివరించింది. పిడికిలి బిగించి, అందులోకి రబ్బరు గ్లవుజు వేలు ఒకటి దూర్చి ఊదింది. పిడికిలి మెల్లగా విడింది. "ఐసే. బస్, ఇంతే." తర్వాత వేలు పైకెత్తి, ఇంటివాళ్ళందరి వైపూ తిప్పి మరీ, రేపు పొద్దున ఏమీ తినకూడదు, నీళ్ళు కూడా తాగకూడదని హిందీలో చెప్పింది: "కల్ సుబహ్ కుచ్ నై ఖానా. పానీ భీ నై. సంఝా?"

"సమఝ్ గయా సిస్టర్," అన్నారు నలుగురూ.

ఆ సాయంత్రం నసీనుకు వెళ్ళే ముందు మాల మళ్ళీ గుర్తుచేసింది. "అత్తా, రేపు పొద్దున ఆయనకి తిండి తేవద్దు."

"నాకి తెలీదా? తిండి ఎందుకు తెస్తా?" అంది బాలమ్మ.

ఆమె తిండి తేలేదు. తెల్లవారకముందే లేచి తలస్నానం చేసి, కొడుకు గుండె కోసం పూజ చేసి, మొదటి బస్సుకు ఎదురుచూసింది. ఆరు గంటలకు వార్డులోకి వచ్చినప్పుడు ఆమె చేతిలో మూతపెట్టిన ఇత్తడి చెంబు ఉంది. పాలు, తేనె, తులసి, అరటిపండు ముక్కలు. పక్కన పూజలో పెట్టిన నిండు అరటిపండు ఒకటి.

లచ్మన్ లేచి కూర్చుని, కుడి చెయ్యి గుంటచేసి, కింద ఎడమ చెయ్యి ఆనించాడు. పుట్టినప్పటి నుంచీ ఆ చెయ్యి అలాగే చాపుతున్నాడు. బాలమ్మ మూడుసార్లు పోసింది. మూడుసార్లు తాగి, తడి చెయ్యి తలకు రాసుకున్నాడు. అరటిపండు తిన్నాడు. మాల పక్కనే నిలబడి తన వంతు చెయ్యి చాపింది. సన్యాసి రెండుసార్లు తీసుకున్నాడు. ఎవరి మనసులోనూ చీమ కుట్టినంత అనుమానం లేదు. ప్రసాదం తిండి కాదు. ఏకాదశి ఉపవాసం ఉన్న మనిషి కూడా ప్రసాదం వద్దనడు.

ఏడున్నరకు బండి మంచం వచ్చింది. ఆపరేషన్ గది గుమ్మం దగ్గర విదేశీ డాక్టరమ్మ, తెల్లజుట్టు, మెడలో కళ్ళద్దాలు, కాగితం చూస్తూ అడిగింది: పొద్దుటి నుంచి ఏమైనా తిన్నారా? తాగారా?

"నో, డాక్టర్," అన్నాడు లచ్మన్. మనస్ఫూర్తిగానే అన్నాడు.

బండి కదిలింది. పది అడుగులు వెళ్ళింది. పైన దీపాలు ఒకదాని తర్వాత ఒకటి వెనక్కి ఈదుతున్నాయి. అతను పెదవి తడుపుకున్నాడు. నాలుకకు తేనె తగిలింది.

"ఆ తీపి తగలగానే, మాస్టర్జీ, ఆ కుర్రాడి మొహం కనబడింది. మీరు చూశారా అన్నవాడు. ఒకసారి చూడకుండా గోలు ఇచ్చింది. తెలిసి తెలిసి ఇంకోటి ఎట్లా ఇస్తా?"

బండి మీద పడుకునే కుడి చెయ్యి నిటారుగా పైకెత్తాడు, మైదానంలో ఆట ఆపినట్టు. తోసేవాడు ఉలిక్కిపడి ఆగిపోయాడు.

"సిస్టర్, నేను ప్రసాదం తిన్నా."

మెరేసేని వంగి చూసింది. "కిత్నా?"

"మూడు చేతులు పాలు. ఒక అరటిపండు."

"అరే బాబా!" ఆమె రెండు చేతులూ తన తలమీద పెట్టుకుంది.

డాక్టరమ్మ కోప్పడలేదు. మత్తు మందు ఇచ్చి వెల్లకిలా పడుకోబెట్టినప్పుడు కడుపులో ఉన్నది పైకి తన్నితే ఊపిరి గొట్టంలోకి పోతుంది, అప్పటికే నిండి ఉన్న ఊపిరితిత్తులు దాన్ని తట్టుకోలేవు, మనిషి పోవచ్చు అని ఓపికగా చెప్పింది. ఆరు గంటలు ఆగాలి. అంటే మధ్యాహ్నం. కానీ అతని వెనక ముగ్గురున్నారు. మూడున్నరకు సామాను పెట్టెల్లోకి వెళ్ళిపోవాలి. మర్నాడే విమానం. టైమ్ మిగిలితే చూద్దాం అంది. మిగలకపోవచ్చు అని కూడా అంది.

అతని చోటులోకి నౌసోరి వైపు నుంచి వచ్చిన పద్నాలుగేళ్ళ ఫిజియన్ పిల్ల వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ అతనికి చెయ్యి ఊపింది.

*

కొడుకు బండి వార్డులోకి తిరిగి రావడం చూసి బాలమ్మ ఆపరేషన్ అయిపోయిందనుకుని దండం పెట్టింది. సంగతి తెలిశాక గోడ పక్కన కూలబడిపోయింది.

"నేను తిండి పెట్టలేదు! ప్రసాదం పెట్టింది!" అంది నర్సుతో, తెలుగులో. తర్వాత హిందీలో. తర్వాత ఏ భాషలోనూ కాకుండా ఏడ్చింది.

"దేవుడికి కూడా ఆసుపత్రి టైమ్ చెప్పి రావాల్సింది అత్తా," అంది మాల. ఆ మాట బయటికి వచ్చాక తనే వెళ్ళి అత్త పక్కన కూర్చుంది. "నేనూ పక్కనే ఉన్నా కదా. నేనూ చెయ్యి చాపింది."

సన్యాసి వాతావరణం తేలిక చెయ్యబోయాడు. "భయ్యా, ఆడకముందే రెడ్ కార్డు తిన్న రిఫరీ దునియాలో నువ్వొక్కడివే."

"నువ్వు రెండుసార్లు తీసుకున్నావు, చూశా."

"నాకి ఆపరేషన్ లేదు కదా భయ్యా."

నవ్వాలని చూస్తే లచ్మన్‌కు దగ్గు వచ్చింది. దగ్గులో గులాబీ రంగు నురగ. మాల తుడిచి, గుడ్డను అత్తకు కనబడకుండా మడిచింది.

"చెప్పకుండా ఉంటే ఏం పోయె?" అని బాలమ్మ గొణిగింది. వెంటనే ఆమెకు నారింజ తొక్కల రోజు గుర్తొచ్చింది కాబోలు, కొడుకు పాదం పట్టుకుంది. పట్టుకుని అలాగే కూర్చుంది.

పది అయింది. ఫిజియన్ పిల్ల బయటికి వచ్చింది, కళ్ళు తెరిచి, బుగ్గల్లో రంగుతో. రెండో మనిషిది చాలాసేపు పట్టింది. పన్నెండు దాటింది, మధ్యాహ్నం రెండు కావొచ్చింది. గోడ మీది గడియారం పెద్ద ముల్లు ఒక్కొక్క నిమిషానికి చిన్నగా గెంతేది. ఆ గెంతు లచ్మన్‌కు తన మెడ నరంలో తెలిసేది. మూడో మనిషి లోపలికి వెళ్ళినప్పుడు సన్యాసి లేచి కిటికీ దగ్గరికి పోయాడు. కింద బస్సులు నసీనుకు, నౌసోరికి మనుషులను నింపుకుని వెళ్తున్నాయి. ఊపిరి గురించి ఆలోచించని మనుషులు.

మూడుకు పది నిమిషాలుండగా వరండాలో చెప్పుల చప్పుడు. మెరేసేని పరుగెత్తుతోంది. అంత పెద్ద మనిషి పరుగెత్తడం వాళ్ళు అప్పుడే చూశారు.

"రిఫరీ సాబ్! ఇంజురీ టైమ్! జల్దీ, జల్దీ!"

*

బల్ల మీద వెల్లకిలా పడుకోవడమే అతనికి అన్నిటికంటే పెద్ద భయం. రెండేళ్ళుగా పడుకోని మనిషి. ఊపిరితిత్తుల్లో నీరు తగ్గే మందు ఎక్కించి, ముక్కుకు ప్రాణవాయువు పెట్టి మెల్లగా తల దించారు. నీళ్ళలోకి దించినట్టే ఉంది. మెరేసేని అతని చెయ్యి పట్టుకుంది. తొడ దగ్గర సూది గుచ్చినప్పుడు తప్ప నొప్పి తెలియలేదు. మత్తు కొంచెమే, స్పృహ ఉంది. పక్కన టీవీలో బూడిద రంగు సముద్రంలాంటిది కదులుతోంది. అది తన గుండె అని చెప్పారు.

గొట్టం కొస ఒక నల్ల దారంలా పైకి పాకింది. గుండె గదుల మధ్య గోడ దాటింది. ఇరుకు దగ్గర ఆగింది. డాక్టరమ్మ ఏదో అంది. తెర మీద బెలూన్ ఉబ్బడం మొదలైంది. ముందు కొస, తర్వాత వెనక భాగం, నడుము మాత్రం బిగుసుకుని. అచ్చం శివుడి చేతిలో డమరుకంలా.

"ఆ నడుము దగ్గరే మాస్టర్జీ, ఎనిమిదేళ్ళప్పటి నుంచి నా ఊపిరి పట్టుకుని కూర్చుంది."

గుండె రెండు దెబ్బలు తప్పింది. లోకం ఈల కోసం ఆగిన మైదానంలా అయిపోయింది. అతను అలవాటు చొప్పున లోపలే లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. నడుము ఒక్కసారిగా మాయమైంది. డమరుకం కోడిగుడ్డు అయింది. బెలూన్ ముడుచుకుని వెనక్కి వచ్చేసింది.

గాలి వచ్చింది. కిటికీలు లేని గదిలో ఎక్కడి నుంచో గాలి వచ్చింది, చెరకు పూత పూసినప్పుడు సముద్రం వైపు నుంచి వచ్చేలాంటిది. లచ్మన్ ఊపిరి తీశాడు. అది లోపలికి వెళ్ళింది, ఇంకా లోపలికి వెళ్ళింది, తను మరిచిపోయిన గదుల్లోకి కూడా వెళ్ళింది. కళ్ళ పక్క నుంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి.

"నొప్పా?" అంది డాక్టరమ్మ కంగారుగా.

"నో, డాక్టర్. పడుకున్నా." అంతే అనగలిగాడు. "పడుకున్నా."

ఆ తర్వాత కాలు కదపకుండా ఆరు గంటలు వెల్లకిలా ఉండాలని చెప్పారు. అందరూ విసుక్కునే ఆ ఆరు గంటలు అతనికి వరం. సాయంత్రపు ఎండ ఇంకా కిటికీలో ఉండగానే నిద్రపోయాడు, చేతులు రెండు పక్కలా పరిచి. బాలమ్మకు అది నమ్మకం కుదరలేదు. కొడుకు పడుకుని నిద్రపోవడం ఆమె చూసి రెండేళ్ళయింది. కాసేపటికొకసారి వెళ్ళి ముక్కు కింద వేలు పెట్టి చూసేది. నాలుగోసారి మెరేసేని ఆమెను పట్టుకుంది.

"ఆజీ, సోనే దో, నిద్రపోనీ. అతను బాగున్నాడు. నీ దేవుడు కొంచెం లేటుగా వచ్చాడు, అంతే."

బాలమ్మ ఆ నర్సును కావలించుకుంది. ఆమె తల నర్సు భుజానికి కూడా అందలేదు.

*

తర్వాత జరిగినవి నెమ్మదైన సంగతులు. నెలనెలా తవువా క్లినిక్‌లో పెన్సిలిన్ సూది. ఏటా ఒకసారి పరీక్ష. తలుపు మళ్ళీ బిగుసుకోవచ్చు, పదేళ్ళకో పదిహేనేళ్ళకో, అని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. ఎనిమిది నెలలకు డాక్టర్ సరేనన్నాక మళ్ళీ ఈల పట్టాడు. మొదటి ఆటకు ముందు, ఆ వాన గోలు గురించి అడిగిన కుర్రాడిని వెతికి పట్టుకున్నాడు. అప్పటికి వాడు వతుకౌలా బంగారు గనిలో పనిచేస్తున్నాడు. "నేను చూడలేదు," అని చెప్పాడు లచ్మన్. కుర్రాడు ఒక్క నిమిషం ఆలోచించి, "నేనూ చూడలేదు రిఫరీ సాబ్. నాకు గోల్‌కీపర్ అడ్డం ఉన్నాడు," అన్నాడు. ఇద్దరూ కూర్చుని యాంగోనా వేరు నూరి కలిపిన మత్తు పానీయం తాగారు. లచ్మన్ ఒక్క కొబ్బరి చిప్పతో ఆపాడట. సన్యాసి మాత్రం ఆ లెక్క ఒప్పుకోడు.

తలుపు ఎంత తెరుచుకుని ఉందో ఇంట్లో తెలుసుకోవడానికి బాలమ్మ కనిపెట్టిన పరీక్షే ఈ ఉదయపు ఈల. మొదటిరోజు పదకొండు వచ్చింది. తర్వాత పద్నాలుగు. పంతొమ్మిది దగ్గర ఆరేళ్ళుగా నిలబడింది. ఆమెకు వచ్చిన అంకెలు తెలుగువే కాబట్టి తెలుగులోనే లెక్కపెట్టింది. పక్కన కూర్చున్న మనవరాళ్ళు ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నారు. అంకె తగ్గిన రోజు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఇంతవరకూ తగ్గలేదు.

మధ్యాహ్నం ఆట ఉందని లచ్మన్ లేచాడు. నన్ను బస్టాండు దాకా దింపుతానన్నాడు. బూట్ల తాళ్ళు కట్టుకుంటూ వంగి లేచినప్పుడు నేను అతని మొహంలోకి చూశాను, తెలియకుండానే. అతను కనిపెట్టి నవ్వాడు.

లోపలి నుంచి బాలమ్మ ఇత్తడి చెంబుతో వచ్చింది. ఉదయం పూజలోది. పాలు, తేనె, తులసి, అరటిపండు ముక్కలు. ఆమె నా వైపు చెంబు వంచబోతుంటే, నేను కుడి చెయ్యి గుంటచేసి చాపుతుంటే, చిన్న ఈల ఒకటి మోగింది. బాలమ్మ చెయ్యి గాలిలో ఆగిపోయింది. పిల్లలిద్దరూ కిసుక్కున నవ్వారు. లచ్మన్ ఈల పెదాల నుంచి తీసి, కళ్ళు చిన్నవి చేసి, నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"మాస్టర్జీ, ముందు నిజం చెప్పండి. ఇవాళ మీకు ఆపరేషన్ ఏం లేదు కదా?"